రంగి చేత మందు తాగించడం

రంగి ఆ ఉదయం పాల కోసం రాలేదు. మగ్గం గుంటలో ఒక మూల ముడుచుకుని కూర్చుంది. పిలిస్తే చెవి కూడా తిప్పలేదు. నోటి చివర నుంచి చొంగ కారుతోంది. కాసేపటికి లేచి పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. మధ్యాహ్నానికి విరేచనాలు పట్టుకున్నాయి.

రంగి మా పిల్లి. మాది పటమటలో నేతపని చేసుకునే ఇల్లు. నేసే ముందు పడుగు దారాలకు గంజి పెడతాం. ఆ గంజి కోసం ఎలుకలు వచ్చి దారాలు కొరికేస్తాయి. అప్పుడు యుద్ధం జరుగుతోంది. నూలు కంట్రోలులో, కొలిచి ఇచ్చినంతే దొరికేది. ఎలుకలు కొరికాయి, ఇంకో పడుగు ఇవ్వండి అంటే వినే నాథుడు లేడు. రంగి వచ్చాక మా ఇంట్లో ఒక్క పోగు తెగలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "పిల్లికి మందేమిటమ్మా, చోద్యం కాకపోతే" అనని వాళ్ళు మా వీధిలో లేరు. ఎద్దుకు జబ్బు చేస్తే ఆ మాట ఎవరైనా అంటారా? ఎద్దుది పనీ, దీనిది పని కాదా?

మా అత్తగారైతే ఆ సాయంత్రమే తేల్చేశారు.

"ఇంట్లో చస్తే ఆ పాపం మనకే చుట్టుకుంటుందే అమ్మాయ్. గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి రమ్మను మావాణ్ణి."

"బతికున్నదాన్ని వదిలేస్తే చుట్టుకోదా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ విసురుగా లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు రంగిని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నేనూ మా ఆయనా బెజవాడలో పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. ఉయ్యూరు వైపు పశువులకు గాలికుంటు వచ్చిందని డాక్టరుగారు క్యాంపుకు వెళ్ళారట. కాంపౌండరు ఉన్నాడు. గుడ్డ విప్పి చూడకుండానే నవ్వాడు.

"మనుషులకే మందులు దొరక్క చస్తుంటే పిల్లిని మోసుకొచ్చారా?"

"జబ్బు చేసిన జంతువును జంతువుల ఆసుపత్రికి కాక ఎక్కడికి తీసుకెళ్ళమంటారండీ?" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు, ఊరుకోమని.

వాంతులు, విరేచనాలని చెబితే కాంపౌండరు పెద్ద సీసాలోంచి మేము తెచ్చిన చిన్న సీసాలోకి మందు ఒంపాడు. "బిస్మత్ మిక్స్చర్. పూటకో చెంచా పొయ్యండి."

"ఎలా పొయ్యాలండీ? ఇది కరుస్తుంది."

"దూడకు పోసినట్టే. తల పైకెత్తి పట్టుకుని, నోరు తెరిచి ఒంపెయ్యటమే. మింగక ఏం చేస్తుంది?"

మింగక ఏం చేస్తుందో ఆయన మా ఇంటికి వచ్చి చూడాల్సింది. మా ఆయన పట్టుకున్నారు, నేను చెంచా దగ్గరికి తెచ్చాను. రంగి పళ్ళు బిగించింది. పళ్ళ సందున కాస్త పోస్తే నురగ చేసి నా ముఖాన కొట్టింది. రెండోసారికి చెంచా మగ్గం గుంటలో పడింది. నా చేతుల మీద గీరని చోటు లేదు. మందు పాలల్లో కలిపితే వాసన చూసి వెళ్ళిపోయింది. ఇక లాభం లేదని కాంపౌండరు చెప్పినట్టే చేశాం. తల పైకెత్తాం, నోరు తెరిచాం, ఒంపేశాం. గొంతులో గురగురమంది. ముక్కులోంచి మందు కారింది. ఒళ్ళంతా కుదిపేసేట్టు దగ్గింది. మందు కదా, లోపలికి పోతే చాలనుకుని తరవాతి పూటా అలాగే పోశాం.

విరేచనాలు తగ్గుముఖం పట్టాయి కానీ ఊపిరి మారింది. మెడ ముందుకు చాచి, నోరు సగం తెరిచి, డొక్కలెగరేస్తూ పీల్చేది. తెల్లవారి చూసుకుంటే ఎలుకలు పడుగు అంచు కొరికేసి ఉన్నాయి. మా ఆయన పొద్దుటంతా కూర్చుని తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేశారు. ముళ్ళు పూర్తయ్యాక చేతులు కడుక్కుని, "బుట్ట తీసుకురా. మళ్ళీ వెళ్దాం" అన్నారు.

ఈసారి డాక్టరుగారు ఉన్నారు. రంగిని బల్ల మీద పెట్టించి స్టెతస్కోపు ఆనించారు, థర్మామీటరు పెట్టారు.

"ఫీవర్ ఉంది. లంగ్స్‌లో చప్పుడు బాగా వినిపిస్తోంది. మందు పొట్టలోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోయిందమ్మా. న్యుమోనియా పట్టింది. తలెత్తి పొయ్యమని ఎవరు చెప్పారు?"

నేను కాంపౌండరు వైపు చూశాను. ఆయన సీసాలు తుడుస్తున్నాడు.

"వీళ్ళు సరిగ్గా పట్టుకోలేదండీ" అన్నాడు, తల తిప్పకుండా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు చెప్పినట్టే పట్టుకున్నాం. మీరు చెప్పినట్టే తల ఎత్తాం. మీరు చెప్పినట్టే పోశాం. ఇందులో ఏది చెయ్యలేదో చెప్పండి, తప్పు మాదేనని ఒప్పుకుంటాను."

ఆయన తుడవడానికి ఇంకో సీసా అందుకున్నాడు. డాక్టరుగారేమో ఆయన్ని మా ఎదుట ఒక్క మాట అనలేదు. మంచి మనిషే, పిల్లే కదా అని చిన్నచూపు చూడలేదు. అయినా ఆ మౌనం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

డాక్టరుగారు న్యుమోనియాకని సల్ఫా పొడి నీళ్ళలో కలిపి ఇచ్చారు. కంట్లో చుక్కలు వేసుకునే గాజు డ్రాపరొకటి వెతికి ఇచ్చారు. తర్వాత డాక్టరుగారే మా ఆయన భుజం మీది తుండుగుడ్డ తీసుకుని, కాళ్ళు బయటికి రాకుండా రంగిని చుట్టేశారు.

"తల తిన్నగా ఉండాలి, పైకి ఎత్తకూడదు. ఈ కోరపన్ను వెనక చిన్న సందుంది చూడండి. నోరు తెరవక్కర్లేదు. ఇక్కడ బుగ్గలోకి కొంచెం వదలాలి. మింగిందని చూశాకే మళ్ళీ కొంచెం. దగ్గితే ఆపెయ్యాలి."

అంటూ తానే పోసి చూపించారు. రంగి మింగింది. గొంతు కదలడం నేను కళ్ళారా చూశాను.

"బతుకుతుందాండీ?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. మధ్యలో మందు మానెయ్యకండి."

మానలేదు. చుట్టడం వచ్చింది కదా అని రంగి ఏమీ లొంగలేదు. సీసా బిరడా తీసిన చప్పుడుకే బియ్యం బుట్ట వెనక దూరేది. అందుకని మందు పెరట్లో కలిపి, డ్రాపరు కొంగులో దాచుకుని వచ్చేదాన్ని. కొన్ని రోజులు ఒంట్లో పెనుగులాడే శక్తి లేక ఊరికే పడి ఉండి తాగింది. అది చూస్తేనే నాకు భయం వేసేది. ఒక పొద్దున తుండుగుడ్డలోంచి కాలు లాక్కుని నా మణికట్టు మీద నెత్తురు వచ్చేలా గీరింది. మా ఆయన కంగారుపడి పసుపు తెచ్చారు. నేను నవ్వాను, చాలా రోజులకు.

ఆ పూట మా అత్తగారు ఎవరూ చెప్పకుండానే ఎండుచేపలు ఉడికించి, ఆ నీళ్ళు చల్లార్చి గిన్నెలో పోసి దాని ముందు పెట్టారు. రంగి వంచిన తల ఎత్తకుండా నాకింది. "ముండ, నా చేతి వంటే కావాల్సి వచ్చింది" అన్నారు ఆవిడ.

యుద్ధం అయిపోయింది. నూలు కష్టాలు అయిపోలేదు. రంగి ఉంది. ఊపిరితిత్తుల్లో ఏదో మిగిలిపోయింది కాబోలు, చలికాలంలో దగ్గుతుంది. ఆ దగ్గు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. డాక్టరుగారికి బదిలీ అయింది. కాంపౌండరు అక్కడే ఉన్నాడు. ఆ మధ్య బజారులో కనిపించి, "మీ పిల్లి బతికిందటగా. ఇంకేం మరి?" అన్నాడు. మీ చేతిలోంచి తప్పించుకుని బతికింది అన్నాను.

అప్పుడు నన్ను చూసి నవ్విన వీధివాళ్ళే ఇప్పుడు పిల్లుల్ని చంకన పెట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. చుట్టడం, పొయ్యడం చూపిస్తాను. చూపించే ముందు నాలుగు మాటలు అంటాను. పడతారు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పిల్లికి కానివ్వండి, పసిబిడ్డకు కానివ్వండి, మందు సీసా చేతికిచ్చి పొమ్మంటే పోకండి. మొదటిసారి వాళ్ళ చేత్తోనే తాగించి చూపించమనండి. ఎంత విసుక్కున్నా సరే, చూపించేదాకా ఆ బల్ల దగ్గరి నుంచి కదలకండి.