పెద్దక్క అడగని నకలు

పెద్దక్క పోయిందన్న కబురు నాకు ఫోనులో చెప్పింది కడప జిల్లా నుంచి వచ్చి ఒమాన్‌లోని ఖబూరాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసే అమ్మాయి. నేను సోహార్‌లో ఉదయం డ్యూటీకి బయల్దేరబోతూ జడ వేసుకుంటున్నాను.

"అక్కా, పెద్దక్క లేదంటక్కా" అంది.

"ఎక్కడికెళ్లింది?" అన్నాను.

"సచ్చిపోయిందంటక్కా. యూనిఫారం ఇస్త్రీ చేస్తా చేస్తా పడిపోయెనంట. నిన్న సాయంత్రం గూడా నాతో మాట్లాడె. చెయ్యి కాలింటే మందు పూసె."

ఆ మాట విన్నాక కూడా నేను జడ చివరిదాకా అల్లుకుని, రబ్బరు బ్యాండు పెట్టుకుని, అద్దంలో చూసుకున్నానట. మా ఆయన తర్వాత చెప్పాడు. నాకేమీ గుర్తులేదు. ఖబూరా వైపు వెళ్లే టాక్సీ ఎప్పుడెక్కానో కూడా గుర్తులేదు.

పెద్దక్క మాకెవరికీ చుట్టం కాదు. గోదావరి ఒడ్డున ఒక ఊరి నుంచి వచ్చి, ఖబూరాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సు. తెలుగువాళ్లందరికీ పెద్దక్క. ఇళ్లలో పనిచేసే కడప ఆడవాళ్లకూ, బర్కా తోటల్లో పనిచేసే మగవాళ్లకూ, మా నర్సులకూ ఆ ఒక్క పిలుపే. ఆమె పేరు రాయను. ఆమె ఊరి పేరూ రాయను. ఎందుకో చదివేవారికే తెలుస్తుంది. ఆమె చెల్లెలు "రాయమ్మా, ఇప్పుడిక ఫరవాలేదు" అన్నాకే రాస్తున్నాను.

మనిషి బాధతో వస్తే ముందు "ఏం తిన్నావు?" అని అడిగేది, తర్వాతే "ఏమైంది?" అనేది. వార్డులో రోగి మంచం కింద చెప్పుల్ని ముందుకు తిప్పి పెట్టేది, దిగగానే కాళ్లు దూర్చుకునేలా. అరబ్బు ముసలమ్మలతో అరబ్బీ మాట్లాడుతూ మధ్యలో "ఆయ్" అనేది. వాళ్లు కూడా ఆమెతో "ఆయ్, సిస్టర్" అనడం నేర్చుకున్నారు. శుక్రవారం ప్రార్థన అయ్యాక సముద్రం ఒడ్డున చేపల వేలంపాట దగ్గర నిలబడి, అందరూ వదిలేసిన చిన్న చేపల్ని ఏరి కొనేది. "పెద్దవాటిని పొగడ్డానికి చాలామంది ఉన్నారే" అనేది.

నేను ఆమె దగ్గరకు చేరింది గోను తుఫాను తర్వాత. అంతకుముందు మస్కట్ దగ్గర మత్రాలో ఒక క్లినిక్‌లో ఉండేదాన్ని. తుఫానుకు గదిలోకి నీళ్లొచ్చి నా పెట్టె మునిగింది. అందులో నా విడాకుల తీర్పు జిరాక్సు ఉంది. ఆరబెడితే చేతికి ముద్దలా వచ్చింది. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది సోహార్‌లో మందుల దుకాణం చూసుకునే ఒకతను నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. పాస్టరుగారు మాత్రం, "కోర్టు ఇచ్చిన అసలు నకలు చూడనిదే చర్చిలో మీ పెళ్లి ప్రకటన చదవను" అన్నారు. నా వకీలు ప్రాక్టీసు మానేసి ఎటో వెళ్లిపోయాడు. కేసు నెంబరు నాకు తెలియదు. ఇక ఈ పెళ్లి జరగదనుకుని నర్సుల గదిలో ఏడుస్తుంటే పెద్దక్క చూసింది.

"ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదక్కా."

ఇడ్లీ పెట్టింది. తిన్నాక అడిగింది. "కేసు ఏ కోర్టులో వేశారు?"

"మా జిల్లా కోర్టులో."

"తీర్పు వచ్చిన రోజు నువ్వు వెళ్లావా? ఏం చీర కట్టుకున్నావు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "నేత చీర. ఎండలు మండిపోతున్నాయి, అది కూడా ఒంటికి అంటుకుపోయింది."

"అయితే వేసవి సెలవులకి ముందు. ఏ ఏడాదో నీకు తెలుసు. ఇద్దరి పేర్లూ తెలుసు. ఇంకేం కావాలే? ఏడాది, పేర్లు చెబితే రిజిస్టరు చూసి నెంబరు చెబుతారు. నెంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే. కోర్టువాళ్లు కాగితం పారెయ్యరు. మనమే అడగడం మానేస్తాం."

నా తరఫున నకలు తీసుకోవడానికి మా బాబాయ్‌కి అధికారం ఇస్తున్నట్టు ఒక పత్రం రాయించి, నాతో మస్కట్‌లోని రాయబార కార్యాలయానికి వచ్చి ముద్ర వేయించింది. తన సెలవు రోజు దానికే పోయింది. తీరా బాబాయ్ కోర్టుకెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. విడాకుల సర్టిఫికెట్ కావాలని అడిగాడట, అలాంటిది మా దగ్గర ఉండదన్నారట. పెద్దక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"సర్టిఫికెట్ అనకండి బాబాయ్‌గారూ. తీర్పు, డిక్రీ, రెండింటికీ ధ్రువీకరించిన నకళ్లు కావాలనండి. నకళ్ల విభాగంలో దరఖాస్తు పెట్టండి. పాత ఫైలు కదా, రికార్డు గదిలోంచి తియ్యాలి, ఆలస్యమవుద్ది. వాళ్లు రమ్మన్న రోజుకి మళ్లీ వెళ్లండి. కోప్పడకండేం."

"ఇవన్నీ నీకెలా తెలుసక్కా?" అంటే, "తిరిగినవాళ్లకి తెలుస్తాయిలే" అంది. ఆమెకూ ఎప్పుడో విడాకులయ్యాయని అందరికీ తెలుసు. భర్త వేరే ఆమెతో వెళ్లిపోయాడనీ, ఈమే కేసు వేసిందనీ, ఆ తర్వాతే ఈ దేశం వచ్చిందనీ విన్నాం. అంతకు మించి ఎవరూ అడగలేదు. నాకు మాత్రమే కాదు, బర్కాలో ఉన్న ఒకామెకు, కడప అమ్మాయి అక్కకు కూడా ఇలాగే దగ్గరుండి నకళ్లు తెప్పించింది.

నా నకళ్లు సెలవు నుంచి తిరిగొచ్చే ఒక నర్సు వెంట వచ్చాయి. పెద్దక్క కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివరి పేజీ వెనక్కి తిప్పి చూసింది.

"జిల్లా కోర్టుతోనే అయిపోయిందా మీకు?"

"అవునక్కా. ఇంకెక్కడికెళ్లాలి?"

"ఎక్కడికీ అక్కర్లేదు. మంచిదే." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పాస్‌పోర్టులో అతని పేరు మాత్రం వెంటనే తీయించెయ్. మనకేదైనా అయితే ముందు ఆ పేరే వెతుకుతారు."

నేను తీయించేశాను. నా పెళ్లిలో తల్లి స్థానంలో ఆమే నిలబడింది.

ఆ రోజు ఖబూరా చేరేసరికి ఆమెను మార్చురీకి తీసుకెళ్లిపోయారు. ఆసుపత్రి తరఫున ప్రభుత్వ కాగితాలు చూసే మందూబ్ ఒక ఒమానీ పెద్దాయన. ఆమె చేత ఎన్నోసార్లు బీపీ చూపించుకున్న మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాస్‌పోర్టు తెరిచి చూపించాడు. భర్త పేరు అలాగే ఉంది.

"సిస్టర్, బాడీ ఇండియా పంపాలంటే ఈ షోహర్ సంతకం కావాలి" అన్నాడు హిందీలో.

"ఆమెకు తలాక్ అయిపోయింది. ఎప్పుడో అయిపోయింది" అన్నాను.

"అయితే తలాక్ వరఖా తెప్పించు. అప్పుడు చెల్లెలు సంతకం పెట్టినా చాలు."

కాగితమే కదా, ఆమె నేర్పిన పనే కదా అనుకున్నాను. ఏడుపు దిగమింగుకుని ఆమె చెల్లెలికి ఫోను చేశాను. అక్క మరణవార్త అప్పటికే అందింది. ఆమె ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగి, చెప్పడం మొదలుపెట్టాను. ఏడాది చెప్పాలి, ఇద్దరి పేర్లూ చెప్పాలి, సర్టిఫికెట్ అనకూడదు, డిక్రీ అనాలి. ఆమె అంతా విన్నది.

"ఆ కాగితం లేదమ్మా" అంది.

"పోయినా ఫరవాలేదండీ, కోర్టులో ఉంటుంది."

"కోర్టులోనే లేదమ్మా. మా అక్కకి విడాకులు అవ్వలేదు."

నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆమె నెమ్మదిగా చెప్పింది. గోను తుఫానుకు ముందు ఏడాది పెద్దక్క సెలవుకు వెళ్లినప్పుడు, పాస్‌పోర్టులో భర్త పేరు తీయించాలని చెల్లెల్ని వెంటబెట్టుకుని జిల్లా కోర్టుకు వెళ్లింది. ఫైలు దొరికింది. తీర్పూ ఉంది. కానీ చట్టం మారకముందు, ఆ రోజుల్లో, క్రైస్తవులకు జిల్లా కోర్టు ఇచ్చే విడాకులు హైకోర్టు ఖాయం చేస్తేనే చెల్లేవట. ఆ మెట్టు ఒకటుందని వీళ్లకెవరూ చెప్పలేదు. తీర్పు రాగానే అయిపోయిందనుకున్నారు. ఖాయం చేసిన ఉత్తర్వు కోసం ఎంత వెతికినా కనిపించలేదు. అది జరగనే లేదు.

"అక్కడున్న వకీలుగారు మళ్లీ కేసు నడిపి సరిచేసుకోవచ్చన్నారమ్మా. అలా చేస్తే ఆయన చేసుకున్న రెండో పెళ్లి ఏమవుద్దండీ అని అక్క అడిగింది. అది ఎప్పుడూ చెల్లలేదండీ, ఆ సంగతి బయటపడుద్ది, అంతే అన్నారాయన. అక్క టక్కున లేచేసింది. ఇంటికెళ్దాం పదవే అంది."

"ఎందుకు? ఆయన్ని కాపాడ్డానికా?" నా గొంతు పెరిగింది. నాకామె మీద కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

"ఆయన కోసం కాదమ్మా. ఆయనకిద్దరు ఆడపిల్లలు. ఆ వారమే పెద్దపిల్లకి పెళ్లిచూపులు. బస్సులో నేనూ నీలాగే తిట్టాను. ఆ పిల్లలేం చేశారే అంది అక్క. వాళ్ల అమ్మానాన్నల పెళ్లి పెళ్లే కాదని ఊరంతా అనుకోవడానికి నా కాగితం కావాలా అంది. ఎవరికీ చెప్పనని నాచేత ప్రమాణం చేయించుకుంది."

నా నకలు వెనక్కి తిప్పి చూసి కళ్లజోడు తుడుచుకున్న ఆమె అప్పుడు నా కళ్ల ముందుకొచ్చింది. మా అందరికీ కాగితాలు తెప్పిస్తున్నన్నాళ్లూ తనకు ఆ కాగితం లేదని ఆమెకు తెలుసు.

ఇక మిగిలింది ఆయన సంతకమే. చెల్లెలు మాట్లాడలేనంది. నేనే ఫోను చేశాను. వెనకాల టీవీ మోత. పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి అని విన్నాను, గొంతు మాత్రం మెత్తగా ఉంది. చనిపోయిందని చెప్పగానే టీవీ మోత దూరమైంది. బయటికి వచ్చి నిలబడ్డట్టున్నాడు.

"పాస్‌పోర్టులో మీ పేరే ఉందండీ. మీరు నోటరీ దగ్గర సంతకం పెట్టి పంపితేగాని ఆమెని ఇండియాకి పంపించరట" అన్నాను.

"నేనేంటండీ? మాకు కోర్టు విడాకులిచ్చేసింది కదండీ."

చెప్పేయాలనిపించింది. ఒక్క మాట. కావాలంటే ఆ మాటతో ఆయన్ని అక్కడే కూలబడేలా చేయవచ్చు. ఆమె అన్నేళ్లు చెప్పని మాట నా నోట్లోకి వచ్చి ఆగింది.

"పేరు మార్పించుకోలేదండీ" అన్నాను. అది అబద్ధం కాదు.

"ఎందుకని?"

"నాకు చెప్పలేదండీ."

"సంతకం పెడతానండీ. ఇవాళే పెడతాను" అన్నాడు. ఫోను పెట్టేయబోతూ, "నా గురించి ఏవన్నా అనేదాండీ?" అని అడిగాడు.

"ఏమీ అనేది కాదండీ."

"అలాగా" అన్నాడు.

సాయంత్రానికి ఫ్యాక్స్ వచ్చింది. మందూబ్ దాన్ని చూసి "అల్‌హందులిల్లా" అన్నాడు. విమానానికి పంపే ముందు ఆమెకు స్నానం చేయించడానికి కడప ఆడవాళ్లు తమ యజమానురాళ్లను బతిమాలుకుని వచ్చారు. నేను ఆమె జుట్టు దువ్వాను. నా చేతులు పనిచేస్తున్నాయి, మనసింకా నమ్మడం లేదు. కాసేపట్లో లేచి "ఏం తిన్నారే మీరంతా?" అంటుందేమోనని ముఖం వంకే చూస్తూ ఉండిపోయాను. కడప అమ్మాయి నా భుజం పట్టుకుని, "ఇంగ చాలక్కా, చిక్కులు లేవు" అంది.

సమాధి రోజు సంగతి చెల్లెలు తర్వాత ఫోనులో చెప్పింది. పాస్టరుగారు రావడం ఆలస్యమై, పెట్టెను సమాధుల తోట గేటు దగ్గర బల్ల మీద దించారట. సంతకం పెట్టిన ఆ భర్త కూడా వచ్చి దూరంగా, రోడ్డుకు అవతల నిలబడ్డాడట. తోడుగా ఆయన పెద్దకూతురు వచ్చింది, ఏడో నెల కడుపుతో. ఎవరి సమాధికి వచ్చిందో ఆ పిల్లకు తెలియదు. తెలిసినవాళ్లావిడ అని చెప్పి తీసుకొచ్చాడట.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. జనం చూరు కిందకు పరిగెత్తారు. పెట్టె ఒక్కటే బయట ఉండిపోయింది. ఆ అమ్మాయి తండ్రిని వదిలి రోడ్డు దాటి వచ్చిందట. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, పెట్టె పక్కన నిలబడి, తన గొడుగును తల మీంచి తీసి పెద్దక్క ముఖం ఉన్న వైపుకు పట్టిందట. పాస్టరుగారు వచ్చేదాకా అలాగే తడుస్తూ నిలబడిందట.