గొంతు ఆగే చోట ఒక ముగ్గు

ముగ్గుపిండి వేళ్ల సందుల్లోంచి జారుతున్నప్పుడు తగిలే ఆ చల్లని గరుకుదనం ప్రతి ఏడాదీ నన్ను ఒకే మనిషి దగ్గరకు తీసుకుపోతుంది. నవరాత్రుల మొదటి రోజు మధ్యాహ్నం, ఎండ ఇంకా చెక్క బాల్కనీల అంచులను వదలకముందే, నేను మా వీధిలో ఒక చిన్న పద్మం వేస్తాను. గుమ్మం ముందు కాదు, వీధి నడుమ, కొయ్య పెట్టెల మీద రంగు ముక్కలు పొదిగే పనివాడి దుకాణానికి ఎదురుగా. ఇక్కడెందుకని కొత్తవారు అడుగుతారు. ఒక గొంతు ఇక్కడ ఆగిపోయిందని చెబితే అదేదో విషాదమనుకుంటారు. నిజానికి నేను అంతగా నవ్విన సాయంత్రాలు నా జీవితంలో తక్కువ.

ఆ గొంతు రాజవ్వది. సూరత్ మిల్లులకు గుడ్డ పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం దొరికి నేను విజయవాడ నుంచి వచ్చినప్పుడు, తోటివారంతా కొత్త పేటల్లో లిఫ్టులున్న ఇళ్లు చూసుకోమన్నారు. నేను మాత్రం తాపీ నదికి నడిచి వెళ్లగలిగే దూరంలో, పాత నగరంలోని ఒక సన్నని వీధిలో కింది వాటా అద్దెకు తీసుకున్నాను. పై వాటాలో రాజవ్వ ఉండేది. వాళ్ల కుటుంబం సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పని మీద వచ్చి మొదట సూరత్ శివార్లలోని వడోద్‌లో ఉండేదట. భర్త పోయాక ఆమె కుట్టుమిషనుతో ఈ వీధికి చేరి, నాటకాల వాళ్లకు దుస్తులూ గర్బా ఆడే పిల్లలకు అద్దాల పావడాలూ కుట్టి కొడుకునూ కూతురినీ పెంచింది. వీధి మొత్తానికి ఆమె రాజీబేన్. నాకు పెద్దమ్మ.

సెలవు రోజుల్లో కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి ఆమె వెంట నన్నూ తీసుకుపోయేది. బండి అక్కర్లేదు, అన్నీ నడిచిపోయే దూరంలోనే. ఒక మేడ మీద తబలా పాఠం జరుగుతుండేది, దాని కిందే జరీ తీగ చుట్టే మరలు తిరుగుతుండేవి. మలుపు తిరిగితే ఒక పాత హాలులో నటులు అరచి అరచి సంభాషణలు వల్లిస్తుండేవారు. రాజవ్వ ప్రతి ఇంటి గురించీ ఒక సంగతి చెప్పేది. నాకు రుజువు లేనిదే ఏదీ మింగుడుపడదు. "ఎవరు చెప్పారు? ఎలా తెలుసు?" అని ప్రతి అరుగు దగ్గరా ఆగేదాన్ని.

"మా పోలీసు మేడం మళ్లా మొదలువెట్టింది," అని నవ్వేది ఆమె.

మా స్నేహం ఒక తప్పుడు నమ్మకం దగ్గర మొదలైంది. ఎర్ర గుడ్డను శరత్ పున్నమి వెన్నెల్లో ఆరబెడితే రంగు గట్టిపడుతుందని ఆమె ఏటా ఆ రాత్రి మూటలన్నీ డాబా మీదికి మోసేది. నేను ఒకే తానులో రెండు ముక్కలు కోసి, ఒకటి వెన్నెల్లో, ఒకటి ట్రంకు పెట్టెలో ఉంచి, రెండింటినీ ప్రయోగశాలలో ఒకే తీరున ఉతికించాను. రెండూ ఒక్కలాగే వెలిశాయి. ఆ ముక్కలు ఆమె ముందు పెట్టినప్పుడు కోపం వస్తుందనుకున్నాను. ఆమె వాటిని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిన్నేండ్లు ఉట్టిగనే మెట్లెక్కిన్నా? ఇంగ నా మోకాళ్లు నీకు దండం వెడ్తయ్ బిడ్డా!" అని పగలబడి నవ్వింది. ఆ తర్వాత అడిగిన ప్రశ్నే నాకు ముఖ్యం: "సరే, వెన్నెల అబద్ధం. మరి గీ రంగు ఎందాక ఆగుతది? గది చెప్పు."

నా చదువు నాకు అవునో కాదో తేల్చడం నేర్పింది. ఒక మాట తప్పని తేలితే నా పని అయిపోయినట్టే. ఆమెకు మాత్రం అసలు పని అక్కడే మొదలయ్యేది.

ఇక ఈ ముగ్గు మొదలైన నవరాత్రుల సంగతి. మా వీధి గర్బాకు మైకు ఉండేది కాదు. నడుమ దీపం పెట్టిన చిల్లుల కుండ, దాని చుట్టూ వీధి పొడవునా సాగిన వలయం. మా గుమ్మం ముందరి తన అరుగు మీద నిలబడి రాజవ్వ ఒక పాదం పాడితే అందరూ అందుకునేవారు. ఆ పాటలు ఆమెకు నేర్పింది వీధి అవతలి కొసన ఉండే కాంతాబా. అప్పటికి ఆమె నడవలేని ముసలావిడ. సాయంత్రం కాగానే ఎవరో ఒకరు ఆమెను అరుగు మీద కూర్చోబెట్టేవారు.

ఆ ఏడు మహేశ్ అడ్డం తిరిగాడు. రాజవ్వ కొడుకు, కతర్‌గామ్‌లో వజ్రాలకు సాన పెడతాడు. "అమ్మా, చివరోళ్లకు ఏం ఇనవడ్తలేదు. సబ్ లోగ్ బోల్ రహే హై. స్పీకర్ పెట్టి రికార్డు పాటలు వేద్దాం, ఖతం. నీ గొంతుకు భీ ఆరామ్."

"రికార్డు వెడితే ఇంగ నోరెవరు తెరుస్తర్రా? ఒక్క ఏడు మూస్తే మల్ల తెర్వరు," అన్నది రాజవ్వ. "నా పాట ఆ కొసదాక పోతది. కాంతాబా రోజూ తాళం తప్పకుంట చప్పట్లు కొడ్తది, కండ్లు లేవా నీకు?"

ఇంటింటికీ ఒక అభిప్రాయం ఉన్నందువల్ల తీర్పు నా మీద పడింది. ముఖస్తుతి చేతకాని మనిషినని వీధిలో అప్పటికే పేరు. రాజవ్వ గొంతు అవతలి కొసకు చేరితే పాట ఉంటుంది, చేరకపోతే స్పీకరు వస్తుంది.

పండుగకు ముందు రోజు సాయంత్రం నేను కాంతాబా పక్కన కూర్చున్నాను. రాజవ్వ తన అరుగు ముందు ఆడవాళ్లను వలయంగా నిలబెట్టి మొదలుపెట్టింది. నాకు స్కూటర్ల హారన్లు, పావురాల రెక్కలు వినిపించాయి కానీ పాట వినిపించలేదు. పక్కన కాంతాబా మాత్రం చక్కగా చప్పట్లు కొడుతోంది. నా చెవుల మీదే అనుమానం కలిగింది. అప్పుడు తోచి, "బా, ఒకసారి కళ్లు మూసుకుంటారా?" అని అడిగాను.

ఆమె మూసుకుంది. చప్పట్లు ఆగిపోయాయి.

కళ్లు తెరిచి, దొరికిపోయిన చిన్నపిల్లలా నన్ను చూసింది. "వాళ్ల చేతులు కనిపిస్తాయిగా, చాలు," అని గుజరాతీలో గొణిగింది. "రాజీకి చెప్పకు. ఎంత సంతోషపడుతుందో నన్ను చూసి."

వీధి అంతా నా వైపే చూస్తోంది. అబద్ధం చెప్పడం ఆ రోజు ఎంత తేలికో నాకు ఇప్పటికీ గుర్తుంది. రాజవ్వ దగ్గరకు నడిచి వెళ్లి, "పెద్దమ్మా, వినిపించడం లేదు. ఆవిడ చూసి కొడుతోంది," అన్నాను.

ఆమె ముఖంలో వెలుగు ఒక్కసారి తగ్గింది. మహేశ్ కూడా తల దించుకున్నాడు. నేను కాంతాబా వైపు తిరిగి చూస్తే ఆమె నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజవ్వ అది చూసింది. ముందు ఆమె భుజాలు కదిలాయి, ఆ తర్వాత నవ్వు బయటికి వచ్చింది.

"దొంగ ముసల్ది! గిన్నేండ్లు నన్ను బనాయించింది!" అని కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "మంచిది బిడ్డా. కొసదాక పోదు. మరి ఎందాక పోతది? నడువు, చూద్దాం."

ఆమె పాడుతుంటే నేను కళ్లు మూసుకుని వెనక్కి నడిచాను. కొయ్యపనివాడి దుకాణం దగ్గర మాటలు కరిగి కూనిరాగంలా మిగిలాయి. చెయ్యెత్తాను. రాజవ్వ ముగ్గుడబ్బాతో వచ్చి అక్కడ పద్మం వేసింది.

"ఈడ నువ్వు నిలవడు. నేను పాడింది అందుకొని అటు దిక్కు పాడు."

"నాకు పాట రాదు పెద్దమ్మా."

"హద్దు చూసింది ఎవలు? నువ్వే గదా. హద్దుకాడ నువ్వే ఉండాలె."

నా గొంతు సన్నం, అదీ కొసదాకా చేరదు. అందుకని ఇంకాస్త అవతల మరో పద్మం పడింది. రాజవ్వ కొడుకు వైపు తిరిగింది. "స్పీకరు కావాలంటివి గద, రా! పొద్దుగాల నుంచి ఎట్ల ఒర్రుతున్నవో గట్లనే ఒర్రు ఆడ." మహేశ్ సిగ్గుతో ఎర్రబడి వెళ్లి నిలబడ్డాడు.

మొదటి ప్రయత్నం ఘోరం. అందరం ఒకేసారి పాడబోతే అవతలి కొస చప్పట్లు వెనకబడి వీధి వీధంతా గందరగోళమైంది. నా భౌతికశాస్త్రం పనికొచ్చింది అక్కడే. ధ్వని చేరడానికి సమయం పడుతుంది కాబట్టి కలిసి పాడకూడదు, ఒకరు ముగించాకే ఒకరు అందుకోవాలని చెప్పాను. మర్నాడు దీపం వెలిగాక అలాగే పాడాం. రాజవ్వ పాదం ముగిసి గాలిలో సన్నబడుతుండగా నేను అందుకున్నాను. శ్రుతి ఏదో నాకే తెలియదు, ఎవరూ పట్టించుకోలేదు. నా తర్వాత మహేశ్ గొంతు మోగింది. పాట ఒక అరుగు నుంచి ఇంకో అరుగుకు నడుచుకుంటూ పోయింది.

కొసన కాంతాబా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఆమె చేతులు తాళం తప్పలేదు.

ఇప్పుడు కాంతాబా లేదు. రాజవ్వ మోకాళ్లు మా మెట్లను తట్టుకోలేక వడోద్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ప్రయోగశాలలో నా కింద పనిచేసేవారు ఒక నమూనా పరీక్షలో తప్పిందని రాసుకొస్తే, నేను సంతకం పెట్టేముందు "ఎందాక నిలిచింది?" అని అడుగుతాను. విసుక్కుంటారు కానీ మళ్లీ వెళ్లి చూసి వస్తారు.

ఈ మధ్యాహ్నం కూడా పరీక్ష చేశాను. రాజవ్వ అరుగు మీద ఇప్పుడు పాడే అమ్మాయి గొంతు తీయనిదే కానీ పలచన. ముగ్గుపిండి చేతులతోనే ఫోనెత్తాను.

"ఈసారి యాడిదాక వచ్చింది?" అని అడిగింది రాజవ్వ.

"ఇంకా ఇవతలే ఆగింది పెద్దమ్మా. కొయ్యపనివాడి దుకాణానికి రెండు గుమ్మాల ముందే."

"మంచిగైంది," అన్నది ఆమె, నవ్వుతూ. "ఇంకొకలకు జాగ దొరికింది."

అక్కడా ఒక పద్మం వేశాను. దాని ఎదుటి ఇంట్లోకి ఈ మధ్యే అద్దెకు వచ్చిన ఒక డాక్టరమ్మాయి మా వైపుదే, బాపట్ల. చేతులు దులుపుకుని ఆమె తలుపు తట్టాను. విషయం విని, తనకు పాట రాదన్నది.

నేనూ అదే అన్నానని చెప్పాను.