పాత కుర్చీలో కన్సల్టెంటు

ఉప్పల్ రింగు రోడ్డులో నాచారం వైపు షేర్ ఆటో కోసం నిలబడి ఉండగా ఫోన్‌కు ఆదాయపు పన్ను శాఖ నుంచి మెయిల్ వచ్చింది. రిఫండేమో అనుకున్నాను. ఆశకు అంతు లేదు కదా. తెరిచి చూస్తే నోటీసు. ఇంతకుముందు ఈ కంపెనీ నుంచి మీరు జీతం తీసుకున్నారు, ఇప్పుడు అదే కంపెనీ నుంచి వృత్తి ఫీజు తీసుకున్నట్టు చూపించారు, నిజంగా పని మారిందా, పేరు మాత్రమే మారిందా, ఆధారాలతో వివరించండి అని దాని సారాంశం. గడువు పదిహేను రోజులు. ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కకపోయేసరికి అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ కంపెనీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. కరెంటు ప్యానెళ్లకు ఇనుప డబ్బాలు చేస్తారు. ఆ డబ్బాల డ్రాయింగులు గీసే ఉద్యోగం పంతొమ్మిదేళ్లు చేసి, నాలుగేళ్ల కింద మానేశాను. మేనేజరు గారి ధోరణి భరించలేక మానేశాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ లోకంలో అందరి టైమూ తనదే అనుకుంటాడు. మానేస్తానని ఆయన ముఖం మీద చెప్పే ధైర్యం కూడా లేక, రాజీనామా కాగితం మా ఆయన చేత పంపించాను. తర్వాత ఇంటి ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని, తలుపు పక్కన చిన్న బోర్డు తగిలించి, మౌలాలిలో ఒక రేకుల వర్క్‌షాపుకూ, కాప్రాలో లిఫ్టులు చేసేవాళ్లకూ గీయడం మొదలుపెట్టాను.

ఏడాది తిరక్కుండానే మేనేజరు గారి ఫోన్. నా తర్వాత వచ్చినవాళ్లు ఇద్దరూ నిలవలేదట. "కన్సల్టెంటుగ రామ్మా. నీ కుర్చీ గట్లనే ఉంది," అన్నారు. ఆ కుర్చీ మాటకు పడిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

నా లెక్కలు చూసే ఆడిటరుది రామంతాపూర్. నాకంటే పదేళ్లు చిన్నవాడు. అతను అప్పుడే హెచ్చరించాడు. "అక్కా, పాత కంపెనీకే మళ్ల పోతున్నవ్, జర పైలం. స్టాఫ్ లెక్క ఉండకు. నీ లాప్‌టాప్ నువ్వే తీస్కపో. డ్రాయింగుకు ఇంత అని బిల్లు పెట్టు. హాజరు గిట్ల ఎయ్యకు. రేపు ఎవరన్న అడిగితే నువ్వు వాళ్ల మనిషివి గాదని సూపించాలె." అలాగేలే అని నవ్వాను. లాప్‌టాపూ, బిల్లులూ గుర్తు పెట్టుకున్నాను. మిగిలింది గాలికి వదిలేశాను.

నోటీసు పట్టుకుని అతని దగ్గరికి వెళ్లిన రోజు ఇద్దరికీ నవ్వు రాలేదు. సొంతంగా వృత్తి చేసుకునేవాళ్లు వచ్చిన ఫీజులో సగం ఆదాయంగా చూపించి పన్ను కట్టవచ్చు. జీతగాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

"గిది జీతమే అని తేలిస్తే అక్కా, తక్కిన సగం మీద గూడ పన్ను వడ్తది. దాని మీద వడ్డీ, జరిమానా. నీ ముందు గది దుకాణం బంద్ అయితది. జీతం మీద పన్ను ఎందుకు పట్టలేదని కంపెనీకి గూడ నోటీసు పోయుంటది. నీ కాయితాలు వాళ్ల దగ్గర ఏమేం ఉన్నయో ముందుగాల పోయి సూడు," అన్నాడు.

నన్ను భయపెట్టింది జరిమానా ఒక్కటే కాదు. దుకాణం మూతపడితే మళ్లీ ఎవరి కిందో చేరాలి. నలభై ఏడేళ్ల వయసులో ఆ బోర్డు నా చేత్తో దింపుకోవాలి.

మర్నాడు నాచారంలో, కంపెనీ హాజరు లెక్కలు చూసే టైం ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. కాగితమంటే ప్రాణం. "మీ కాయితాలన్ని భద్రంగ పెట్టిన మేడం, ఒక్కటి గూడ పోలే," అని మురిసిపోతూ అల్మారా తీశాడు.

మొదట స్టాఫ్ హాజరు రిజిస్టరు. అందులో రోజూ నా పొట్టి సంతకం. ఇక దాచేదేముంది, చెబుతాను. విజిటర్ల పుస్తకంలో ప్రతిరోజూ పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అని నింపడం నాకు నామోషీగా తోచింది. పంతొమ్మిదేళ్లు నడిచిన గేటు అది. రెండో వారంలో ఈయనే "మీరు విజిటరేంది మేడం" అంటూ స్టాఫ్ రిజిస్టరు నా ముందుకు జరిపాడు. నా పేరు ఆయన అందులోంచి కొట్టెయ్యనే లేదు. సంబరంగా సంతకం పెట్టాను.

దాని కింద మూడు సెలవు చీటీలు. మూడూ నా దస్తూరే. మా ఆయన కంటి ఆపరేషన్‌కు ఒకటి, జ్వరానికి ఒకటి, మేనత్త కొడుకు పెళ్లికి ఒకటి. "దయచేసి మూడు రోజులు సెలవు మంజూరు చేయగలరు. ఇట్లు, తమ విధేయురాలు." ఎవరూ అడగలేదు. చెప్పకుండా మానెయ్యడం మర్యాద కాదని నేనే రాసి ఇచ్చాను. జీతం లేని సెలవును బతిమాలి అడుక్కున్న మనిషి భూమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇంతలో మేనేజరు గారు లోపలికి పిలిచి తలుపు వేశారు. బల్ల మీద కొత్త విజిటర్ల పుస్తకం ఉంది, అట్ట ఇంకా నిగనిగలాడుతోంది.

"గిదేం పెద్ద పనమ్మా. ఏడాది తారీఖులు మనోళ్లు ఏసి పెడ్తరు. ఆదివారం వచ్చి సంతకాలు పెట్టిపో. పాత రిజిస్టరు, నీ సెలవు చీటీలు మాయం జేస్త. నీకూ మంచిదే, మాకూ మంచిదే."

నేను తల ఊపాను. ఆయన ముందు నా తల ఎప్పుడూ అలాగే ఊగుతుంది. ఆడిటరుకు ఫోన్ చేస్తే అరిచినంత పని చేశాడు. "దొంగ పుస్తకం పెడ్తవా అక్కా? పన్నుతోటి పొయ్యేదాన్ని జైలు దాక తీస్కపోతవా?" శనివారమంతా అన్నం సయించలేదు. రాస్తే నేరం, రాయకపోతే నా చీటీలే నా మెడకు ఉరి.

ఆదివారం పొద్దున వెళ్లాను. ఫ్యాక్టరీలో మిషన్లు ఆగి ఉన్నాయి. ఆయన పుస్తకం తెరిచి, పెన్ను నా చేతికిచ్చి, "కానియ్యి, మల్ల నాకు పనుంది," అన్నారు. పేజీ నిండా తేదీలు వేసి ఉన్నాయి. సంతకం గడులు ఖాళీ. పెన్ను మూత పెట్టేశాను.

"నేను రాయను సర్."

"ఏందీ?"

"ఉన్నది ఉన్నట్టు పంపించండి. ఆ సంతకాలు నావే, ఆ చీటీలూ నావే. ఎందుకు పెట్టానో నేను చెప్పుకుంటాను."

ఇన్నేళ్లలో ఆయన మాట కాదన్నది అదే మొదటిసారి. ఆయన ముఖం కందగడ్డలా అయింది. "గట్లయితే రేపటిసంది రాకు," అన్నారు.

"సరే సర్. ఆ ముక్క మెయిల్లో రాసి పంపించండి," అన్నాను. అందులో తెలివేమీ లేదు. ఒళ్లు మండి అన్నాను.

సోమవారం మధ్యాహ్నానికి నిజంగానే వచ్చింది. నేటి నుంచి మీ సేవలు అవసరం లేదు. మీరు మా ఉద్యోగి కానందున ముందస్తు నోటీసు వర్తించదు. రెండే వాక్యాలు. నాలుగుసార్లు చదివాను. ఎంతసేపటికో ఆడిటరుకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, గిది సాలు! ఉద్యోగినైతే ఒక్క రోజుల గిట్ల ఎల్లగొట్టరాదు గదా!"

ఆ సంతోషానికి అతని చెంప పగలగొట్టాలనిపించింది. హాజరు రిజిస్టరు నకలు, మూడు చీటీలు, వాటికి నా సంజాయిషీ, మౌలాలి, కాప్రా వాళ్ల బిల్లులు, అన్నిటికంటే పైన ఆ మెయిలు పెట్టి జవాబు పంపించాడు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. నేను చూపించినది చూపించినట్టే ఒప్పుకున్నారు. ఆ కంపెనీకి నేను ఏమీ కానని ప్రభుత్వం ముద్ర వేసి మరీ చెప్పింది. నేను కోరుకున్నదీ అదే, అందుకు ఆధారాలు పోగేసి ఇచ్చిందీ నేనే. ఆ సాయంత్రం మా ఆయన సంబరంగా మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాడు. తింటుంటే నా కళ్ల వెంట నీళ్లు ఆగలేదు. కారం ఎక్కువైందా అని అడిగాడు. అవునన్నాను.