మా రాణి వీపు మీద సైన్సు పాఠం

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట... ఉప్పుగూడ స్టేషన్ వెనక అప్పట్లో పెద్ద ఖాళీ జాగా ఉండేది. ఒక శనివారం మా సైన్సు మేడం పుస్తకాలు మూయించి, క్లాసంతటినీ అక్కడికి నడిపించారు. జీవవైవిధ్యం పాఠం ఇవాళ బయటే అన్నారు.

అందరూ గంతులేస్తుంటే నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆ టైముకి మా బర్రెలు మేసేది అక్కడే మరి...

మాది పాల వ్యాపారం. పొద్దున్నే కొట్టం ఊడ్చి, సబ్బు అరిగేలా చేతులు కడుక్కుని, పౌడరు దట్టించుకుని బడికి వెళ్లేదాన్ని. పేడ వాసనని ఎవరైనా ముక్కు మూసుకుంటారేమోనని ఒకటే భయం. పక్కన కూర్చునే సల్మాకి కూడా ఇంటి సంగతి చెప్పలేదు.

జాగాలో అందరి వెనకా నక్కి నిలబడ్డాను. ఏం లాభం... మా రాణి దూరం నుంచే పసిగట్టింది. గడ్డి వదిలేసి, క్లాసు మధ్యలోంచి దర్జాగా నడిచొచ్చి నా చెయ్యి నాకడం మొదలుపెట్టింది.

"ఏందే... గీ బర్రె నీకు ఎర్కనా?" అంది సల్మా.

"మాదే... పేరు రాణి" అన్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం మాత్రం, "అలాగే పట్టుకోమ్మా, కదలనివ్వకు. ఇవాళ మన పాఠం ఇదే" అన్నారు.

అందరం చప్పుడు చేయకుండా కూర్చున్నాం. మా సందడికి ఎగిరిపోయిన పిట్టలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి... గడ్డిలోంచి లేచే మిడతల కోసం కాళ్ల దగ్గర తెల్లకొంగలు, వీపు మీద తోక చీలిన పసులపోలిగాడు, చెవి దగ్గర పిడుదులు ఏరుకునే గోరింక. ఇంతలో రాణి పేడ వేసింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి సల్మా ఆ పక్కనే పాత పేడ దగ్గర మోకాళ్ల మీద వంగి ఉంది. ఒక పురుగు తనకంటే పెద్ద ఉండని దొర్లించుకుపోతోంది.

"దీనికెంత తాకత్ ఉన్నదో చూడుండ్రి" అని అందరినీ పిలుస్తోంది.

"ఈ బర్రె ఒక్కటి లేదనుకోండి... వీటన్నిటికీ తిండెక్కడిది?" అన్నారు మేడం.

తిరిగొచ్చేటప్పుడు సల్మా దారంతా అలిగింది. "మీకు బర్రెలున్నయని ముందుగాల చెప్పొద్దా?"

మర్నాడు సగం క్లాసు మా కొట్టంలోనే ఉంది. "ఇదేం లొల్లి బిడ్డా" అని బాపు విసుక్కుంటూనే అందరికీ గ్లాసుల నిండా పాలు పోశాడు. సోమవారం నేను పౌడరు లేకుండానే బడికి వెళ్లాను. ఎంత హాయిగా ఉండిందో...

ఇప్పుడా జాగా నిండా ఇళ్లే. మొన్న అటు వెళ్తే, ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు మీద ఒక తెల్లకొంగ నిలబడి కిందికే చూస్తోంది. మేడం అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

మీ గల్లీలో ఇంకా బర్రెలు తిరుగుతుంటే కాస్త చెప్పండి... ఆ కొంగకి దారి చెప్పాలి.