ఆదివారం నాడు అడిగిన ప్రశ్న

మొన్న పొద్దున ఫోనులో ఒక సందేశం వచ్చింది. మా సారు పోయి ఏడాది కావస్తోందట, శిష్యులంతా కలిసి ఆయన పేరు మీద ఒక జ్ఞాపక సంచిక వేస్తున్నారట, ఆయన వరంగల్ పల్లెల్లో తిరిగిన తొలి రోజుల్లో వెంట ఉన్నది నేనే గనక నాలుగు మంచి ముక్కలు, వీలైతే ఒకటి రెండు సరదా సంగతులు కలిపి, రాసి పంపాలట. చదివిన దగ్గర్నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. పోయిన మనిషిని ఇప్పుడు ఆడిపోసుకుని ఏం లాభమని మా ఆయన అంటున్నాడు గాని, ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను గనకనే ఇప్పుడైనా ఆడిపోసుకోవాలి. సంచికకు మాత్రం పంపను. నా ఈడు వాళ్ళలో, కొత్త పట్టా పట్టుకుని పెద్దవాళ్ళ వెనక కాగితాలు మోసుకుంటూ తిరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ కోసం రాస్తున్నాను.

అప్పటికి నేను సోషియాలజీలో ఎమ్మే పూర్తిచేసి ఆరు నెలలు. మా వాడలో ఒక ఆడపిల్ల అంత చదువు చదవడం అదే మొదలు కావడంతో, నా నడకే మారిపోయిందని మా అమ్మ దెప్పేది. సారు పెద్ద నగరంలో ప్రొఫెసరు. మతం, రాజకీయం, కులం, సంస్కృతి ఈ నాలుగూ కలిసి మనుషులను ఎలా నడిపిస్తాయో మా పల్లెల్లో చూసి, వేరే దేశాల సమాజాలతో పోల్చి పుస్తకం రాయాలని వచ్చాడు. మా యాస ఆయనకు అంతుపట్టదు గనక, అడగడానికీ రాయడానికీ నన్ను పెట్టుకున్నాడు. నాలుగింటికి నాలుగు రంగుల ఫైళ్ళుండేవి. ఎవరేం చెప్పినా సాయంత్రానికల్లా అది ఏదో ఒక ఫైలులోకి చేరాలి. పోశమ్మ పండుగ మతం ఫైలులోకి, అక్కడ పాడిన పాట సంస్కృతి ఫైలులోకి, యాటపోతు తలకాయ ఎవరి ఇంటికి పోవాలనే కొట్లాట కులం ఫైలులోకి, ఆ కొట్లాట తీర్చిన సర్పంచి రాజకీయం ఫైలులోకి పోయేవాడు. ఒకే పొద్దున ఒకే చోట జరిగిన పనిని నాలుగు ముక్కలు చేస్తున్నామని నాకు తోచకపోలేదు, కాని సారుకు తెలియనిది నాకు తెలుస్తుందా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ అణకువ మీదనే నాకు కోపం.

మనిషి చెడ్డవాడా అంటే కాదు. పాలకుర్తి గుట్ట ఎక్కి ఆయాసపడుతూ మెట్ల మీద కూర్చున్నప్పుడు, తాను తెచ్చుకున్న కాచిన నీళ్ళు ముందు నాకిచ్చి, ఎక్కడెక్కడి దేశాల్లోనో జనం ఎవరెవరికి మొక్కుతారో చెబుతుంటే, బస్సు వేళ మించిపోతోందన్న ధ్యాసే ఉండేది కాదు నాకు. అటువంటి మాటలు నాతో అప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఆయన ఏం రాయమంటే అది రాశాను.

మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, నర్సంపేట బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊళ్ళో ఉండేది. చిన్నాయన కేసముద్రం మార్కెటులో బస్తాలు మోస్తూ వారానికోసారి ఇల్లు చేరేవాడు. చిన్నమ్మ నాట్లకూ పత్తి ఏరడానికీ పోయి, బిడ్డనూ కొడుకునూ సాకేది. బిడ్డకు మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఆశ వదులుకున్నాక, క్రైస్తవుల దవాఖానలో ఒక నర్సమ్మ రాత్రింబవళ్ళు దగ్గరుండి, మందులిచ్చి, ప్రార్థన చేసి నిలబెట్టిందట. అప్పటి నుంచి చిన్నమ్మ ఆదివారం ఆదివారం వాడ చివర ఉన్న పూరిపాక చర్చిలో పోయి కూర్చునేది. బాప్తిస్మం తీసుకోలేదు, పోశమ్మకు బోనం ఎత్తడం మానలేదు. దాని మీద ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. క్రిస్మస్ నాటి గారెలు అన్ని ఇళ్ళకూ పోయేవి, పోశమ్మ పండుగ నాటి కూర పాస్టరయ్య ఇంటికి తప్ప అన్ని ఇళ్ళకూ పోయేది.

ఆమె ఇంటికి సారును నేనే తీసుకుపోయాను. చదువుకున్న బిడ్డనని చూపించుకోవాలనే యావ కొంత ఉంది, కాదనను. శనివారం పోవలసినవాళ్ళం బస్సు చెడిపోయి ఆదివారం పోయాం. చిన్నమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చి, కొంగు తల మీద నుంచి తీయకుండానే మాకు చాయ్ పెట్టింది. నేను కాగితం తీసి, కన్నతల్లి తోడబుట్టినదాన్ని పట్టుకుని, మీది ఏ మతమమ్మా అని అడిగాను. ఆమె విరగబడి నవ్వింది.

“ఏందే బిడ్డా, నీకెరుక లేదా? పోయినేడు నా బోనం నువ్వే గదనే నెత్తి మీదికెత్తినవు!” అని, సారు వైపు తిరిగి, “సారూ, పోశమ్మ నా బిడ్డనిచ్చింది, ఏసు దేవుడు బత్కిచ్చిండు. ఇద్దర్ల ఎవర్ని ఇడ్వమంటవు?” అంది.

సారు ముఖం వెలిగిపోయింది. ఆ మాటను నాతో రెండుసార్లు చెప్పించుకుని తన నోటుబుక్కులో రాసుకున్నాడు, ఆమెను ఫోటో తీసుకున్నాడు. కాని నా చేతిలోని కాగితంలో మతానికి ఒక్కటే గడి ఉంది. బస్సు కోసం నడుస్తున్నప్పుడు ఏం రాయమంటారని అడిగితే, ఆయన ఆగకుండానే, ఇవాళ ఎక్కడి నుంచి వచ్చిందో అదే వేసెయ్యమ్మా, పట్టికలో రెండు పట్టవు అన్నాడు. నేనే ఆగి, కాగితం మోకాలి మీద పెట్టుకుని క్రైస్తవ అని రాశాను. పోశమ్మ పండుగ నాడు పోయి ఉంటే హిందూ అని రాసేదాన్ని. ఒక మనిషి దేవుణ్ణి మేము బస్సు దొరికిన రోజును బట్టి తేల్చాం.

నాలుగేళ్ళకు ఇంగ్లీషులో పుస్తకం వచ్చింది, బాగా పేరొచ్చింది. అందులో మా చిన్నమ్మ గురించి ఏడు పేజీలు. మతాల మధ్య గోడలు లేని సామాన్య స్త్రీ అని, పెద్ద చదువులకు అందని సత్యం ఆమెకు తెలుసని తెగ మెచ్చుకున్నాడు. పేర్లు రానివ్వనని ఊళ్ళో అందరికీ నా చేత చెప్పించిన మాట పేరు వరకే నిలిచింది. ఫోటో వేశాడు, ఫోటో కింద ఊరి పేరు వేశాడు. పుస్తకం వెనక పట్టికలో ఇంటి నంబరు, దాని పక్కన నేను రాసిన ఆ ఒక్క ముక్క. ముందు పేజీల్లో ఇద్దరు దేవుళ్ళ మనిషని మురిసిపోయిన పెద్దమనిషే వెనక పేజీలో ఒక్క దేవుడికి కట్టేశాడు, ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, మెచ్చుకున్న పండితులకూ తట్టలేదు. నాకు తట్టిందా? ఆయన సంతకంతో వచ్చిన ప్రతిని బంధువులందరికీ తిప్పి తిప్పి చూపించాను. సిగ్గు లేకపోతే సరి.

ఆ తర్వాత చిన్నమ్మ బిడ్డకు టీచరు ఉద్యోగం వచ్చింది. మేము షెడ్యూల్డు కులం వాళ్ళం, ఉద్యోగం వచ్చింది ఆ కోటాలోనే. క్రైస్తవంలో కలిస్తే ఆ కోటా వర్తించదన్నది చట్టం. జాబితాలో తర్వాతి పేరున్నవాళ్ళు ఆ పుస్తకంలోని ఫోటో పేజీ, పట్టిక పేజీ జిరాక్సు తీయించి, తల్లి క్రైస్తవురాలైతే బిడ్డా క్రైస్తవురాలేనని ఫిర్యాదు పెట్టారు. విచారణ నాడు అధికారి ఆ కాగితం మా చెల్లె చేతికే ఇచ్చి, చదువుకున్నదానివి గదా పైకి చదువు అన్నాడట. ఆ ఇంట్లో ఇంగ్లీషు నేర్చిన మొదటి పిల్ల, నేర్చిన ఇంగ్లీషుతో తన తల్లి గురించి రాసింది అంతమంది ముందు చదివింది.

రెండో విచారణకు వారం ముందు చిన్నమ్మ ఒంటరిగా బస్సెక్కి హనుమకొండలో నా గది వెతుక్కుంటూ వచ్చింది. అరిచి గోల చేస్తే బాగుండేది. “నువ్వొచ్చి ఆ గడిల రాసింది నువ్వేనని ఒక్క మాట చెప్పు బిడ్డా, నీ మాటింటరు, నువ్వు చదువుకున్నదానివి” అని మాత్రం అంది. సారుకు రాస్తానన్నాను. రాశాను కూడా. రెండు వాక్యాల జవాబొచ్చింది: పల్లెలో రాసుకున్నదాన్ని ఒకరి అవసరాన్ని బట్టి మార్చడం పరిశోధన కాదట, స్థానిక తగాదాల్లో తల దూర్చడం తన పని కాదట. పల్లెలో ఆమె చెప్పింది ఒకటి, నడిరోడ్డు మీద ఆయన రాయించింది ఒకటి. దాన్నే పరిశోధన అన్నాడు! ఆ ఉత్తరాన్ని చింపి పోగులు పెట్టి, ఆ వేళ్ళతోనే మళ్ళీ ఇంకో ఉత్తరం రాయవచ్చు గదా నేను? రాయలేదు. అప్పుడు నేను తాత్కాలిక లెక్చరర్ని, పర్మనెంటు కావడానికి ఆయన సిఫారసు కావాలి. విచారణ నాడు పరీక్షల డ్యూటీ ఉందని కబురు పంపాను. డ్యూటీ ఉన్న మాట నిజమే. ఎవరినైనా అడిగితే మార్చుకునేవాళ్ళన్న మాట కూడా నిజమే.

చెల్లె కులం సర్టిఫికెట్ రద్దయింది, ఉద్యోగం పోయింది. నాకు మాత్రం పర్మనెంటయింది. ఆ పుస్తకాన్నే పిల్లలకు పాతికేళ్ళు పాఠం చెప్పాను, ఆ ఏడు పేజీలతో సహా, మా చిన్నమ్మ అని ఒక్క తరగతిలోనూ చెప్పకుండా.

మా చెల్లె చర్చివాళ్ళ బడిలో చేరి, ఆ ఏడే బాప్తిస్మం తీసుకుంది. ఎందుకే అంటే, “కాగితం మీద ఎట్ల రాసిండ్రో గట్లనే బతుకుత అక్కా” అంది, నన్ను ఎత్తిపొడవాలని కాదు, మామూలుగానే అంది. తమ్ముడు అక్క గతి చూసి భయపడి, తాను హిందువునేనని ఊరి పెద్దలతో సంతకాలు పెట్టించి కాగితం తెచ్చుకుని, ఒక ఆఫీసులో అటెండరయ్యాడు. ఆనాటి నుంచి ఆ చర్చి ఉన్న బజారునే పోడు. చిన్నమ్మ ఇద్దరి మధ్యా నలిగి బోనమూ మానేసింది, చర్చీ మానేసింది. ఆదివారాలు గడపలో ఊరికే కూర్చునేది.

మూడేళ్ళ కిందట ఆమె పోయింది. బిడ్డ పట్టుబట్టి చర్చివాళ్ళ శ్మశానంలోనే పూడ్పించింది. కొడుకు గేటు దాకా వచ్చి రోడ్డు మీదనే ఆగిపోయాడు. వంగి పిడికెడు మన్ను తీసి నా కొంగులో పోసి, “గిది నా పేరు మీద ఎయ్యి అక్కా. ఎవలన్న ఫోన్ల ఫోటో తీస్తే నా నౌకరి పోతది” అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుని మరీ తల్లి కోసం ఏడ్చాడు. ఆ మన్ను నేనే పోయి వేశాను.

ఇప్పుడా వాడలో ఏ ఇల్లు ఎవరిదో దూరం నుంచే తెలిసిపోతుంది. ఒక గుమ్మం మీద శిలువ, ఒక గుమ్మం మీద కాషాయ జెండా. పండుగ వంటలు ఎవరి ఇంట్లో వండినవి వాళ్ళే తింటున్నారు. అక్కాతమ్ముళ్ళ మధ్య కొట్లాట ఏమీ లేదు, ఒకరి గడప ఒకరు తొక్కరు, అంతే. నేను పోయినప్పుడు ఒక పూట ఆ ఇంట్లో, ఒక పూట ఈ ఇంట్లో తిని వస్తాను. ఇద్దరిలో ఒక్కరైనా నా ముఖం మీద నాలుగు మాటలు దులిపితే బాగుండునని ఎన్నోసార్లు ఎదురుచూశాను. ఇద్దరూ నన్ను ఇప్పటికీ అక్కా అని ప్రేమగానే పిలుస్తారు, పెద్దపీట వేసి కూర్చోబెడతారు, ఆ పిలుపు విన్నప్పుడల్లా లేచి పారిపోవాలనిపిస్తుంది.