నాది కాని మెడ

ఆ రోజు గల్ఫ్‌లో, నిజ్వా ఆసుపత్రిలో అబద్ధం చెప్పాను. నా పక్కన కూర్చున్న మనిషి అనని మాటను అతని పేరు మీద డాక్టరుకు చెప్పాను.

మా కంపెనీలో ఎవరికి జబ్బు చేసినా ఇంగ్లీషు వచ్చిన ఫోర్‌మన్ వెంట వెళ్ళి మాట్లాడతాడు. జవాబులు కూడా తనే చెప్పేస్తాడు. ఏళ్ళుగా ఆ ఫోర్‌మన్‌ని నేనే. ఆ రోజు మా టైల్స్ మేస్త్రీని తీసుకెళ్ళాను. నాకంటే పదేళ్ళు పెద్ద. నాలుగు అడుగులు వేస్తే పిక్కలు పట్టేసేవి. బొటనవేలి పుండు నెలలుగా మానలేదు.

కాలి రక్తనాళాలు బాగా పూడుకుపోయాయన్నాడు డాక్టరు. ఇలాంటి వాళ్ళకు మెదడుకు వెళ్ళే మెడ నాళాలు కూడా ఏ నొప్పీ లేకుండానే ఇరుకై ఉండొచ్చు, కాలికి ఆపరేషన్ చేయాలి, దానికి ముందు మెడ స్కాన్ చేద్దాం, సాయంత్రం దాకా ఆగండి అన్నాడు.

మధ్యాహ్నం సైట్‌లో కాంక్రీట్ పోయాలి. "స్కాన్ వద్దంటున్నాడు సార్" అన్నాను. మేస్త్రీతో మాత్రం "మందులు రాసిండు, పా అన్నా" అన్నాను.

బండి ఎక్కాక అడిగాడు. "డాక్టర్ తన మెడ మీద చెయ్యి పెట్టి ఏందో జెప్పిండు. నొప్పి నా కాళ్ళల్లనైతే మెడెందుకు జూపిండు తమ్మీ?"

దాచలేకపోయాను. అంతా చెప్పాను.

"నా మెడ నీ సైట్ సామాన్ అనుకున్నవా? నేను పడిపోతే నీ కాంక్రీట్ లేపుతదా? బండి తిప్పు."

తిప్పాను. ఇంతలో ఇంజినీర్ ఫోన్ చేశాడు. ఆసుపత్రిలోనే ఉంటానన్నాను. "ఆబ్సెంట్ రాస్తా" అన్నాడు. "ఇద్దరికీ రాసుకోండి సార్" అని పెట్టేశాను. అతనికి అంత ఎదురు చెప్పడం నాకదే మొదటిసారి.

డాక్టరుకు నా అబద్ధం ఒప్పుకున్నాను. స్కాన్‌లో ఎడమ వైపు నాళం బాగా ఇరుకై కనిపించింది. పక్షవాతం రావచ్చని డాక్టరు అన్న మాటను దాటేయబోయాను.

"మింగకు. జెప్పు" అన్నాడు మేస్త్రీ. చెప్పాను. వెంటనే మందులు మొదలుపెట్టాలని, సిగరెట్ మానాలని, కాలి ఆపరేషన్ సంగతి మెడను బట్టి చూస్తామని కూడా చెప్పాను.

"మానేస్త. నేను మళ్ల సొంతంగ నడవాలె. అదెట్లనో అడుగు."

అడిగాను.

శుక్రవారం క్యాంప్ మెస్‌లో అందరి ముందు నేను చేసింది చెప్పాను. ఇకమీదట నేను వెంట వస్తే డాక్టరు మాట ఒక్కటీ వదలకుండా చెప్తాను, జవాబు మీరే చెప్పండి అన్నాను. ఆలస్యమైతే ఇంజినీర్‌తో నేను మాట్లాడుకుంటానన్నాను. మరుసటి వారం మేస్త్రీతో మళ్ళీ నిజ్వా వెళ్ళాను. అతన్ని డాక్టరుకు ఎదురుగా కూర్చోమని, నా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.