తెరిచి ఉంచిన కుళాయి, నలభై రెండు చొక్కాలు

నా లెక్కల మీద నాకున్న నమ్మకంతో కిందింటావిడ బతుకుతెరువును నిలువునా ముంచిన వైనం చెబుతాను. పరువు తక్కువ సంగతే. అయినా సగం లెక్క చెప్పడం నాకు అలవాటు లేదు. అప్పుడు నా వయసు అరవై ఎనిమిది, ఇప్పుడు డెబ్బై. ఏదో చిన్నతనం, తెలిసీ తెలియని వయసు అనుకోండి.

ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్పై ఒక్క ఏళ్లు నట్లూ బోల్టులూ లెక్కపెట్టి రిటైరయ్యాక, ఇస్నాపూర్‌లో నర్సింలు గారి మేడ మీద కిరాయికి దిగాను. కింది వాటాలో బాలమణి ఉంటుంది. స్కూలు యూనిఫారాలు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఆ వీధిలోనే ఉండే బీమా ఏజెంటు స్వప్న ఒకరోజు నా గడప ఎక్కింది.

"ఈ ఇంటికి నర్సింలు గారు బీమా చేయించారుగా! మళ్లీ నాకెందుకమ్మా?" అన్నాను.

"అది గోడలకు, స్లాబుకు పెద్దమ్మా. మీ ఫ్రిజ్జు, టీవీ కాలిపోతే ఆయన పాలసీ నుంచి మీకు రూపాయి రాదు. కిరాయికున్నోళ్లు తమ సామాన్లకు తామే చేయించుకోవాలె. ఇంకోటి, మీ వల్ల పక్కోళ్ల సామాన్లు ఖరాబైతే దానికి గూడ ఇస్తది."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "నా వల్ల పక్కవాళ్లకు నష్టమా? ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క వాషరు తేడా రాలేదు! ఆ ముక్క కొట్టేసి డబ్బు తగ్గించు."

"కొట్టేస్తే తగ్గేది చాయ్ పైసలే పెద్దమ్మా. ఉండనీయండి!"

సణుగుతూ సంతకం పెట్టాను.

మా వీధిలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ రోజు ఎన్నింటికి వచ్చాయో నాలుగు నెలలుగా పుస్తకంలో రాస్తున్నాను. పంచాంగం తప్పినా నా పుస్తకం తప్పదని నా గర్వం. ఇక్కడ అందరం చేసే పని ఒకటుంది. కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస ఖాళీ డ్రమ్ములో వేసి, కుళాయి తెరిచే ఉంచుతాం. డ్రమ్ము దబదబలాడిందంటే నీళ్లొచ్చినట్టు.

ఆ బుధవారం నీళ్ల రోజు. రాలేదు. గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు పెన్షన్ పని మీద సంగారెడ్డి బయలుదేరాను. కుళాయి తెరిచే ఉంది. చూశానండీ, కళ్లారా చూశాను! నీళ్లు రాని రోజున కుళాయి మూయడమంటే ఖాళీ గిన్నె మీద మూత పెట్టడమే కదా అనుకుని తాళం వేశాను.

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి తిరిగొస్తే ఇంటి ముందు పదిహేడు మంది.

"ఏమైంది బాలమణీ?"

"మీ ఇంట్ల మంజీర నది పుట్టింది పెద్దమ్మా! నిన్నటి నీళ్లు ఇయ్యాల ఇడిస్తే మీ డ్రమ్ము నిండి పొర్లింది. పైపు కోసమని స్లాబుల కంత వదిలిండ్రు సూడు, అండ్లకెల్లి సక్కగ నా బట్టల మీద పడ్డది!"

ఆమె వాటాలోకి వెళ్లి చూశాను. కుట్టి పెట్టిన మెరూన్ యూనిఫారం లంగాల రంగు దిగి, నలభై రెండు తెల్ల చొక్కాలు పీచుమిఠాయిల్లా గులాబీరంగుకు తిరిగాయి.

"బట్ట స్కూలోళ్లది. బళ్లు తెరిచేసరికి ఇయ్యాలె. ఇప్పుడు గా పైసలు నేనేడికెల్లి కట్టాలె? ఇగ మల్ల నాకు పని ఎవలిస్తరు?" అని బాలమణి ముక్కు చీదింది.

నర్సింలు గారు స్లాబు తట్టి చూసి, "దీనికేమన్న అయితే నా పాలసీ ఉన్నది. అంగీలకు లేదమ్మా," అని చేతులు దులుపుకున్నారు.

నేను వెంటనే స్వప్నకు ఫోను చేశాను. మర్నాడు నష్టం చూసి రాసుకునే సర్వేయరు వచ్చాడు. బాలమణి నా చెవిలో, "పైపు పగిలిందని చెప్పు పెద్దమ్మా. నీ తప్పంటే పైసలు రావేమో," అంది.

అబద్ధమా? అదీ రాతపూర్వకంగా లెక్క ఉండగా? పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. "గురువారం, 8.30. కుళాయి తెరిచి ఉంది. చూశాను. మూయలేదు. నేడు నీళ్ల రోజు కాదు."

ఆయన రెండుసార్లు చదివాడు. "మేడమ్, అందరూ తమ తప్పు లేదని కాగితాలు తెస్తారు. తప్పు చేసి, టైముతో సహా రాసుకున్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను."

"తప్పైనా లెక్క లెక్కే నాయనా."

"మంచిదైంది. పక్కవాళ్ల నష్టానికి మీరు బాధ్యులని తేలితేనే ఈ పాలసీ డబ్బిస్తుంది."

బాలమణి నోరు తెరిచింది. నేను వెన్ను నిటారు చేసి కూర్చున్నాను. నా మంచితనానికి కూడా ఏనాడూ అంత మర్యాద దక్కలేదు!

పంతొమ్మిదో రోజున బాలమణికి బట్ట డబ్బూ కూలీ అణా పైసలతో సహా వచ్చాయి. నానిపోయిన నా పదకొండు కిలోల బియ్యానికి మాత్రం ఏమీ రాలేదు. నేను వదిలేసిన కుళాయికి నేను తడిస్తే ఎవరిస్తారు? న్యాయమే. బళ్లు తెరిచే ముందురోజు సాయంత్రం బాలమణి నలభై రెండు జతలూ అప్పజెప్పి, వచ్చే ఏడాది పని కూడా మాట్లాడుకుని వచ్చింది.

నేనేమో బుద్ధి తెచ్చుకుని కుళాయి బిగించడం మొదలుపెట్టాను. చప్పుడు తెలియక రెండు విడతలు నీళ్లు తప్పిపోయాయి. బిందె పట్టుకుని కిందికి దిగితే బాలమణి చేతులు తిప్పింది. "నేను గూడ పట్టలే పెద్దమ్మా! పైకెల్లి నువ్వు పంపుతవని సూస్తున్న!"

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఇల్లు కదిలే ముందు కుళాయి మూస్తాను. మూశానని రాస్తాను. రాసినదాని కింద బాలమణి చేత సంతకం పెట్టిస్తాను. పాలసీ గడువు మాత్రం ఒక్కరోజు కూడా దాటనివ్వను. ఎంత ప్రమాణం చేసినా, ఆ కుళాయి మూయాల్సింది మళ్లీ నేనే కదా!